పొరుగువాని ఇల్లు, మన పచ్చిక



ఈ నెల కుటుంబ ప్రార్థనను గురించి వ్రాయవలెనని అనుకున్నాను. కాని కొన్ని మాసములుగా నా మనస్సు మా మందిరము ముందున్న గడ్డి మీదనే తిరుగుతున్నది గనుక దానిని గురించే వ్రాస్తున్నాను. పాస్టరుగారికి వాక్యము దొరకక గడ్డి మీద పడ్డారని కొందరు నవ్వుకొనవచ్చు. మా ఇంటిలో కూడ నవ్వారు.

బొంగులూరు ఎరుగనివారికి ఒక మాట. హైదరాబాదు నుండి నాగార్జునసాగరుకు పోవు రోడ్డు మీద, ఇబ్రహీంపట్నము ఇంకా రాకముందే, ఔటర్ రింగ్ రోడ్డు కలియు చోట మా ఊరున్నది. ఒకప్పుడు జొన్నలు, కందులు, ఆముదాలు పండిన ఎర్ర చెలకలు ఇప్పుడు హద్దురాళ్లు పాతిన ప్లాట్లు. నగరము చుట్టూ 158 కిలోమీటర్ల ఆ రోడ్డు వచ్చిన తరువాత మా వైపు నేలకు ధర వచ్చినది. ఎన్నడో ప్లాటు కొని వదిలిపెట్టినవారు ఇప్పుడు ఒక్కొక్కరే వచ్చి ఇండ్లు మొదలుపెడుతున్నారు. కాబట్టి ఇది మా ఒక్కరి కష్టము కాదు. ఆదిభట్లలో, మంగళ్‌పల్లిలో, తుర్కయాంజాల్‌లో ఇల్లుగలవారిని అడిగినా ఇటువంటి కథ ఒకటి చెప్పగలరు.

మందిరము ముందు 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గల చిన్న జాగా ఉన్నది. బంగళాల ముందు కనబడు లాను వంటిది కాదు. కడియము నర్సరీల నుండి చాపలవలె చుట్టి తెప్పించిన గడ్డి కాదు. మా సంఘములో ఒక వృద్ధ సహోదరి ఉన్నారు. విధవరాలు. నాట్లకు, కలుపులకు కూలికి పోయి ముగ్గురు బిడ్డలను సాకిన తల్లి. దేవుని మందిరమునకు ఇచ్చుటకు తన చేతిలో ఏమియు లేదని ఆమెకు ఎప్పుడూ బాధ. ఒక వానకాలము ఆమె చెరువు కట్ట మీది గరికను వేళ్లతో పెరికి, తట్టకెత్తుకొని వచ్చి, ఆదివారపు బడి పిల్లలను వెంటబెట్టుకొని బెత్తెడు దూరమునకు ఒక్కొక్క పిలక నాటారు. ఎండకాలములో బిందెలతో నీళ్లు పోశారు. జాగా అంతయు కమ్ముకొనుటకు రెండు వానకాలములు పట్టినది. పిల్లల పాటలు, సాయంకాలపు ప్రార్థనలు, ప్రేమవిందు బంతులు అన్నియు దాని మీదనే. మాకు అది గడ్డి కాదు, ఆమె కానుక.

పక్క ప్లాటువారు మన సంఘస్థులు కారు. నగరములో బి.ఎన్. రెడ్డి నగర్ వైపు అద్దె ఇంటిలో ఉండి ఉద్యోగము చేసుకొను మర్యాదస్తులు. వారి స్థలమునకు, మందిరపు స్థలమునకు నడుమ గోడ లేదు. రాతి కడీలు, మూడు వరుసల తీగ, అంతే. పునాది తీయకముందు ఆయన వచ్చి, “పాస్టరుగారూ, రోడ్డు మీద జాగ లేదు. మీ మూలకు ఒక పది రోజులు ఇసుక పోసుకుంటం” అన్నారు. “దానిదేమున్నది, పోసుకోండి” అన్నాను. ఏ మూల, ఎంత మేర, పది దినములనగా ఏ తేదీ వరకు, పోయునది ఇసుక ఒక్కటేనా కంకర కూడనా, ఇవేవియు అడుగలేదు. అడిగితే పిసినారి పాస్టరు అనుకొందురేమోనని భయపడ్డాను. ఈ కథలో మొదటి తప్పు నాదే.

ఇసుక వచ్చిన వారమునకు నేను మూడు దినముల కూటములకు వేరే ఊరికి పోయాను. తిరిగి వచ్చేసరికి రెండు కడీలు విరిగి పడియున్నవి. వాటి మీదుగా టిప్పరు లోపలికి వచ్చి, వెనుకకు తిరుగుటకు రెండు మూడు మార్లు ముందుకు వెనుకకు నడిచినట్లున్నది. మోకాలిలోతు గాళ్లు పడినవి. ఇసుక పక్కన కంకర, కంకర పక్కన సెంట్రింగు కర్రలు. గడ్డి నట్టనడుమ కాంక్రీటు మిల్లరు నిలిపారు. దినదినము దానిని కడిగిన సిమెంటు నీళ్లు పారి, ఎండి, గడ్డి మీద బూడిదరంగు రేకు పరచినట్లు గట్టిపడినది.

అక్కడ ఒక కూలీ సహోదరి గమేళాలు కడుగుతున్నది. వేపచెట్టు కొమ్మకు కట్టిన చీర ఊయలలో పసిబిడ్డ. నేను బ్యాగు కూడ క్రింద పెట్టకుండ, “కండ్లు కనబడవా మీకు? ఇది ఎవరి జాగా అనుకున్నారు?” అని కేకలు వేశాను. ఇంకా రెండు మాటలన్నాను, అవి ఇక్కడ వ్రాయను. ఆమె లేచి నిలబడి, “తప్పయింది సారూ. మిల్లరు ఈడ్నే పెట్టుమన్నరు” అన్నది. బిడ్డ లేచి ఏడ్చింది. మూడు దినములు సహనమును గూర్చి ప్రసంగించి వచ్చిన నోరది.

ఇంతవరకు జరిగినది అనేకుల ఇండ్ల వద్ద జరుగునదే. తరువాత జరిగినది నన్ను నిద్రపోనియ్యలేదు.

శనివారము సాయంకాలము కూలీలకు వారపు లెక్క చేస్తారు. నేను వరండాలో కూర్చుండి మరునాటి ప్రసంగము సిద్ధపరచుకొంటున్నాను. కాంట్రాక్టరు గొంతు వినబడినది. “పాస్టరు సారు గడ్డి ఖరాబు జేసిండ్రు గద, వెయ్యి పట్టుకుంట.” పాలమూరు వైపు నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చిన ఆ భార్యాభర్తల కూలిలో 1,000 రూపాయలు పట్టుకొన్నాడు. ఆమె మారు పలుకలేదు. భర్త ఏదో గొణిగి ఊరకున్నాడు. నేను లేచి పోలేదు. లేవవలెనని తెలిసియు లేవలేదు. నా కోపము ఇంకా చల్లారలేదు మరి.

రాత్రి ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము తీశాను. కూలివాని కూలిని ప్రొద్దు క్రుంకకముందే అతని చేతిలో పెట్టుమని మోషే చెప్పిన చోటు అది. ఆ పూట గంజి దాని మీదనే కాగవలెను గనుక. యాకోబు పత్రిక 5వ అధ్యాయములోనైతే, బిగబట్టిన కూలికి నోరు వచ్చి అది కేక వేస్తుంది. ఈ వచనముల మీద నేను ఎన్నిమార్లు ప్రసంగించి ఉంటానో! అప్పుడు నా కండ్ల ముందు ఎప్పుడూ ఎవరో భూస్వామి ఉండేవాడు. ఈసారి ఆ కూలి పట్టుకొనుటకు పలికిన పేరు నాది.

మరునాడు ఆరాధన తరువాత సంఘపెద్దలతో మాట్లాడాను. ఒక పెద్ద, “పోలీసు స్టేషనుకు పోదాము, ఒక్క గంటలో దారికొస్తరు” అన్నారు. ఇంకొకరు, “మనము క్రైస్తవులము. అన్యాయము సహించుట మేలని పౌలు చెప్పలేదా? గడ్డి కొరకు గొడవేమిటి, సాక్ష్యము పోతుంది, వదిలేద్దాము” అన్నారు. రెండవ మాటకు చాలామంది తలలూపారు. మన సంఘములలో ఆ మాటకే ఎక్కువ తలలు ఊగుతాయి. అందుచేత దాని గురించి కొంచెము నిదానముగా మాట్లాడుకొందము.

పౌలు ఆ మాట వ్రాసినది 1 కొరింథీయులకు 6వ అధ్యాయములో. అక్కడి వ్యవహారము ఒకే సంఘములోని సహోదరులు ఒకరినొకరు కోర్టుకు ఈడ్చుకొనుట. జరిగిన నష్టమును గురించి నోరే విప్పవద్దని కాదు. అదే పౌలు ఫిలిప్పీలో విచారణ లేకుండ దెబ్బలు తిని చెరసాలలో పడినప్పుడు, మరునాడు అధికారులు చాటుగా పొమ్మంటే పోలేదు. వారే స్వయముగా వచ్చి బయటికి తీసికొనిపోవలెనని పట్టుబట్టాడు. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయము చివర ఉన్నది, చదవండి. ముందటి రాత్రి చెరసాల నాయకుని ఇంటివారందరు బాప్తిస్మము పొందారు. తన హక్కు అడిగినందువలన పౌలు సాక్ష్యము చెడలేదు.

ధర్మశాస్త్రము సంగతి ఇంకా తేట. నిర్గమకాండము 21వ అధ్యాయము చివరి భాగము, 22వ అధ్యాయము మొదటి భాగము ఇల్లు కట్టుకొనువారందరు చదువవలసినవి. గొయ్యి త్రవ్వి కప్పక వదిలినవాడు, దానిలో పడి చచ్చిన పశువు వెల ఇచ్చుకొనవలెను. తన పశువు పొరుగువాని చేను మేసినయెడల, తన చేనిలో శ్రేష్ఠమైన దానినుండి తీసి ఇవ్వవలెను, తాలు కాదు. ముండ్లకంపకు అంటించిన నిప్పు పొరుగువాని పంటకు ప్రాకినయెడల, అంటించినవాడే నష్టము పెట్టుకొనవలెను. గమనించండి, ఈ మూడింటిలోను కావలెనని కీడు చేసినవాడు లేడు. ఏమరుపాటు మాత్రమే. అయినను “పోనీలే, తెలియక చేశాడు” అని దేవుడు విడువలేదు. శిక్షించుమనియు చెప్పలేదు. చెడినదానిని బాగుచేయుమన్నాడు, అంతే.

ఇంకొక సంగతి ఆ పెద్దలతో చెప్పాను. నా చొక్కా ఎవరైన చింపితే నేను క్షమించి ఊరకొనవచ్చు, అది నా చొక్కా. ఈ గడ్డి నాదా? రెండు సంవత్సరములు బిందెలు మోసిన సహోదరిని అడుగకుండ ఆమె కష్టమును నేను క్షమించి, నేను మంచివాడనిపించుకొనుట ఏమి క్షమ? ఇతరుల సొమ్ముతో ఔదార్యము చూపుట మన నాయకులలో, పాస్టరులలో కూడ, ఎక్కువగా కనబడు జబ్బు.

అయితే అడుగవలసినది ఎవరిని? ఇక్కడ చాలామంది పొరబడతారు. మన వైపు ఇండ్లు ఎక్కువగా లేబరు కాంట్రాక్టుకు ఇస్తారు. చదరపు అడుగుకు ఇంతయని కూలి మాట్లాడుకొని కాంట్రాక్టరు మనుషులను తెస్తాడు. ఇసుక, కంకర, సిమెంటు, ఇనుము ఇంటి యజమాని తెప్పించి ఇస్తాడు. కాబట్టి టిప్పరు వచ్చినది యజమాని మాట మీద. మిల్లరు గడ్డి నడుమ నిలిపినది కాంట్రాక్టరు మాట మీద. వీరిద్దరు ఒకరినొకరు చూపించుకొంటారు. కడపట నష్టము దిగువకు జారి, “వద్దు” అని చెప్పుటకు అధికారము లేని గమేళా మోయు మనిషి కూలిలో తేలుతుంది. లోకపు చట్టములో కూడ ఇక్కడ ఒక మెలిక ఉన్నది. పని మొత్తము స్వతంత్రముగా గుత్తకు పట్టినవాని తప్పుకు పని ఇచ్చినవాడు సాధారణముగా బాధ్యుడు కాడు. కాని తానే చెప్పి చేయించిన దానికి, పొరుగువానికి అపాయము తెచ్చు స్వభావము గల పనికి, తప్పించుకొనలేడు. కనుక ఇద్దరినీ అడుగవలెను, ఎవరి వంతు వారిని.

మత్తయి 18వ అధ్యాయములో ప్రభువు ముందుగా ఒంటరిగా పొమ్మన్నాడు. అది సహోదరుని విషయమే గాని పొరుగువానికి కూడ మంచి పద్ధతి. నేను మొదట కాంట్రాక్టరు దగ్గరకు పోయి, “నా నష్టము వాళ్ల కూలిలో పట్టవద్దు. ఆ డబ్బు నాకు వద్దు, నీ దగ్గర కూడ ఉండవద్దు” అన్నాను. అతడు తెల్లబోయి, “మీరే గద అయ్యగారూ ఆమె మీద గరమైంది” అన్నాడు. నిజమే గదా! నేను కేకలు వేసినది ఆమె మీద. అతడు పట్టుకొన్నది ఆమె దగ్గర. దారి చూపినవాడను నేనే. చాలసేపటికి 500 తిరిగి ఇచ్చాడు. మిగిలిన 500 నేనిచ్చాను. అది దానము కాదు, నా నోటివలన పోయిన సొమ్ము. ఆమెను క్షమాపణ అడిగినప్పుడు ఆమె ఎటు చూడవలెనో తెలియక బిడ్డను చూపి, “వీనికి ప్రార్థన చెయ్యిండ్రి సారూ” అన్నది.

ఆ తరువాత టేపు పట్టి కొలిచాను. చెడినది 22 అడుగులు, 15 అడుగులు, అనగా 330 చదరపు అడుగులు. రెండు కడీలు, తీగ. ఫోటోలు తీయించాను. ఒక ట్రాక్టరు ఎర్రమట్టి, పశువుల ఎరువు, కడీలు, ఇద్దరు మనుషుల రెండు దినముల కూలి లెక్క వేస్తే 11,600 రూపాయలైనవి. కోపముతో పోయి “మా గడ్డంతా నాశనము చేశారు” అంటే, ఎదుటివానికి ఏమి చేయవలెనో తెలియదు. కాగితము మీద లెక్క ఉంటే మాట తగ్గుతుంది. అయితే లెక్కలో ఒక రూపాయి కూడ ఎక్కువ వేయకూడదు. పాత తీగ తుప్పు పట్టినదే, దానికి క్రొత్త తీగ ధర వేయుమని ఒకరు సలహా ఇచ్చారు. వేయలేదు.

యజమాని ఆదివారములలోనే వస్తారు. ఆ ఆదివారము మధ్యాహ్నము వారు వచ్చినప్పుడు పనివారి ఎదుట కాక, మా ఇంటిలోనికి పిలిచి టీ ఇచ్చి చెప్పాను. మొదట నా తప్పు చెప్పాను, “హద్దు చెప్పకుండ సరే అన్నది నేనే” అని. ఆయన కాగితము చూచి, “నాకసలు తెల్వదు పాస్టరుగారూ. మీరు ఏమీ అంటలేరు గద, మీకు ఇబ్బంది లేదనుకున్న” అన్నారు. ఆ మాట నాకు గట్టిగా తగిలినది. మూడు వారములు ఆయనను చూచి నేను మొగము త్రిప్పుకొంటూ వచ్చాను. ఆయనకు అది కనబడనే లేదు! మౌనము నాకు మాత్రమే బరువైనది.

ఆయన మట్టి, ఎరువు, కడీలు ఇచ్చారు. కాంట్రాక్టరు ఇద్దరు మనుషులను రెండు దినములు తన కూలి మీద పంపాడు. తీగ పని మేమే చేసికొన్నాము. లెక్కలో 1,400 రూపాయలు తేలలేదు, అడుగలేదు. అంతవరకు క్షమించుటకు ఆ వృద్ధ సహోదరి కూడ ఒప్పుకొన్నారు.

అందరికీ ఇట్లు జరుగదు. ఎంత చెప్పినను విననివారుంటారు. అప్పుడు ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకొని పోవలెను. దానికీ వినకపోతే వ్రాతమూలముగా అడిగి నకలు ఉంచుకొనవలెను. మన స్థలములో చొరబడి చేసిన నష్టమునకు దావా వేయుటకు, 1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము, మూడు సంవత్సరముల గడువున్నది. కోర్టుకంటె ముందు లోక్ అదాలత్ ఉన్నది. 1987 నాటి చట్టము దానికి అధికారమిచ్చినది. అక్కడ కోర్టు ఫీజు లేదు, ఇరుపక్షములు ఒప్పుకొన్న తీర్పు కోర్టు డిక్రీతో సమానము, దాని మీద అప్పీలు లేదు. గడ్డి వరకైతే ఇంత అవసరము రాదు. కాని పక్కవారు సెల్లారు కొరకు లోతుగా తీసి మన నేల జారుచున్నప్పుడు ఓపిక పట్టవద్దు. పక్క నేల మన నేలకు ఇచ్చు ఆనిక మన హక్కని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము 7వ సెక్షనులోనే ఉన్నది. గోడ కూలిన తరువాత క్షమించుటకంటె, కూలకముందు చెప్పుట పొరుగువానికే మేలు.

గడ్డి ఎట్లు బాగుపడినదని అడుగువారి కొరకు. సిమెంటు పెచ్చును నేలలో కలిపి త్రవ్వరాదు. దానిలోని సున్నము మట్టిని పాడుచేస్తుంది. పలకలు పలకలుగా ఎత్తి, క్రింది నాలుగు అంగుళముల మట్టితో సహా బయట పారవేయించాము. ఇసుక కుప్ప క్రింద గరిక తెల్లగా పాలిపోయినది గాని చావలేదు. ఊడ్చి నీళ్లు పెట్టగానే పది దినములలో పచ్చబడినది. గరిక ప్రాణము నేలలోపలి వేళ్లలో ఉంటుంది గనుక ఓర్చుకొంటుంది, సున్నితమైన కొరియను గడ్డి అయితే ఇంత ఓర్వదు. టిప్పరు త్రొక్కిన చోట నేల రాయివలె బిగిసినది. ముందు రోజు సాయంకాలము తడిపి, మరునాడు గడ్డపారతో జానెడు లోతు పెళ్లగించి, ఎర్రమట్టి, మాగిన ఎరువు, కొంచెము ఇసుక కలిపి నింపాము. గాళ్లలో మట్టి రెండంగుళములు ఎత్తుగా పోయవలెను, వానకు అణుగుతుంది. మేము సమముగా పోశాము, ఇప్పుడు అక్కడ నీళ్లు నిలుస్తున్నవి. తొలకరి పడగానే పిల్లలు మళ్లీ బెత్తెడుకొక పిలక నాటారు. వృద్ధ సహోదరి ఈసారి వంగలేక, కుర్చీలో కూర్చుండి చేతికర్రతో చూపించారు.

మొన్న కాంట్రాక్టరు మళ్లీ వచ్చాడు. పై అంతస్తు స్లాబు వేయవలెను, ఇసుకకు ఆ మూల నాలుగు రోజులు కావలెనట. తానే కాగితము, పెన్ను తెచ్చుకొన్నాడు. నేను వ్రాయబోయి ఆగి, అమ్మగారిని అడిగి రమ్మన్నాను. ఆమె చేతికర్ర పట్టుకొని వచ్చి, విరిగిన కడీ స్థానములో పాతిన క్రొత్త కడీ దగ్గర నిలబడి, ఎనిమిది అడుగులు తన పాదముతో కొలిచి, అతనిచేతనే అక్కడ ముగ్గు పోయించారు.